లేవని డిస్క్

కుసుమ కట్టిన డిస్క్ మళ్ళీ లేవలేదు.

"డిస్క్ పాడైంది" అని చెప్పి సిమ్యులేటర్ ఆగిపోయింది. పొద్దుటి నుంచీ ఇదే వరస. మధ్యాహ్నం కమిటీ వాళ్ళు వస్తారు. ఆమె రాసిన, వేరుశనగ ఆకు చూసి తెగులు చెప్పే అప్లికేషన్ ఆ సిమ్యులేటర్‌లో వాళ్ళ కళ్ళముందు నడవకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ ప్రొద్దుటూరు ట్యూషన్ సెంటరే గతి.

సిమ్యులేటర్ అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్. ఇంకా తయారుకాని చిప్ ఎలా పనిచేస్తుందో ముందుగా అందులో చూస్తారు. అది లేచి నడవడానికి కావలసిన సరంజామా అంతా ఒకే ఫైల్లో సర్ది ఇవ్వాలి. డిస్క్ ఇమేజ్ అంటే అదే. కుసుమ సర్దడంలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఒట్టి భయస్తురాలు. పెట్టిన ఫైలు ఎక్కడికి పోతుందోనని ఇమేజ్‌ను ఒక విండోలో తెరిచే ఉంచి, పక్కనే సిమ్యులేటర్‌ను నడిపేది. సిమ్యులేటర్ అదే ఇమేజ్‌లో రాసుకుంటుండగానే మధ్యమధ్య తనూ అందులోకి తొంగిచూసి, ఒకటో రెండో ఫైళ్ళు సవరించేది కూడా.

గైడు దస్తగిరి సారు ల్యాబ్‌లోకి వచ్చేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"వాళ్ళు వచ్చేస్తారు సార్. తప్పు యాడుందో చెప్పండి సార్."

ఆయన తెర వైపు ఒకసారి చూశారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, చేతులు కాస్త వణుకుతాయి.

"దప్పికైతాంది. మంచినీళ్ళు ఇయ్యమ్మా."

ఇంత కంగారులో నీళ్ళేమిటని ఆమెకు ఒళ్ళు మండింది. అయినా స్టీలు గ్లాసు నిండా పోసి తెచ్చింది. ఆయన అందుకున్నారు. ఆ వణుకు చూసి, ఎక్కడ జారుతుందోనని ఆమె వదల్లేదు. ఆయన తన వైపు లాక్కున్నారు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. సగం నీళ్ళు ఇద్దరి చేతుల మీదా ఒలికాయి.

"ఇచ్చినావామ్మా?"

"ఇచ్చినా సార్."

"మరి నీ చెయ్యి?"

కుసుమ చెయ్యి తీసేసింది. గ్లాసు పడలేదు. ఆయన వణికే చేతులతోనే మిగిలిన నీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆమె తెర వైపు తిరిగింది. విండో ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూసేసింది. తర్వాత ఇమేజ్‌ను కొత్తగా కట్టి, ఈసారి మూసి, సిమ్యులేటర్‌కు ఇచ్చింది.

వరండాలో కమిటీ వాళ్ళ మాటలు వినబడుతున్నాయి. తెర మీద అక్షరాలు ఒక్కో వరసే దిగుతున్నాయి. ఫైలు ఉందో లేదో ఒక్కసారి తెరిచి చూద్దామని ఆమె చెయ్యి మౌస్ మీదికి పోయింది. మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

డిస్క్ లేచింది.