చప్పుడు లేని జనరేటర్

సోమలింగం గారికి ఒక అలవాటు ఉండేది. కోపంతో అడిగిన ప్రశ్నకు ఆయన సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ఎక్కడో ఎవరింట్లోనో జరిగిన సంగతి ఎత్తుకునేవారు. అది ముగిసేసరికి అడిగినవాడి కోపం చల్లారేది. ఒక్కోసారి ప్రశ్న కూడా మిగిలేది కాదు. సముద్రానికి దగ్గరగా, జీడితోటల మధ్య ఆయన ఇల్లు. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని ఆయన చెప్పే తత్వం వినేవారు. ఆ ఏర్పాట్లన్నీ చూసుకునే శిష్యుడు గవరయ్య ఒకనాడు అందరూ వెళ్ళిపోయాక చాపలు చుడుతూ అడిగాడు.

“గురువుగారూ, ఆ నరసింహులు ప్రతి మాటకీ అడ్డు తగులుతున్నాడు. వాడు రాని రోజు ఎంత ప్రశాంతంగా ఉంటుందో మీరూ చూశారు. వచ్చే వారం నుంచి రావద్దని చెప్పేస్తాను. తప్పంటారా?”

సోమలింగం గారు తప్పనలేదు, ఒప్పనలేదు. దాలినాయుడి సంగతి చెప్పారు.

దాలినాయుడు పై ఊళ్ళో కొబ్బరితోటల ఆసామి. ఒకరి జోలికి పోడు, చెడ్డ అలవాట్లు లేవు. చప్పుడంటే మాత్రం పడదు. వంటింట్లో గిన్నె జారినా, గాలికి తలుపు కొట్టుకున్నా మొహం చిట్లించేవాడు. అతని తల్లి పైడమ్మకు కట్టెల పొయ్యి ముందు గడిచిన బతుకు ఊపిరితిత్తుల్ని తినేసింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఒకటి ఇంట్లో పెట్టుకోమన్నారు డాక్టర్లు. రాత్రీ పగలూ ముక్కుకి ఆ గొట్టం ఉండాల్సిందేనన్నారు. మిషనేమో కరెంటు మీద నడుస్తుంది. ఆ ఊళ్ళో కరెంటు, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, పోతుంది. ఇంట్లో ఒక సిలిండర్ ఉండేది గానీ అది ఎంతోసేపు రాదు. అందుకని దాలినాయుడు భార్య వరాలును వెంటబెట్టుకుని జనరేటర్ కొనడానికి పట్నం వెళ్ళాడు.

షాపతను ముందు ఒక చిన్న పెట్రోలు జనరేటర్ చూపించాడు. తాడు లాగగానే షాపంతా దద్దరిల్లింది. అమ్మగారి మిషనూ ఒక ఫ్యానూ కాసిని లైట్లూ అయితే ఇది సరిపోతుందన్నాడు. దాలినాయుడు చెవులు మూసుకున్నాడు. అప్పుడతను లోపలికి తీసుకెళ్ళి పెద్ద డీజిల్ జనరేటర్ చూపించాడు. చుట్టూ ఇనుప పెట్టె, పెట్టె లోపల మందపాటి స్పాంజి. పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. కరెంటు పోతే తనంతట తనే అందుకుంటుంది. మరీ వేడెక్కితే తనంతట తనే ఆగిపోయి ఇంజను కాలిపోకుండా కాపాడుకుంటుంది. ఏసీ, నీళ్ళ మోటారు కూడా లాగుతుంది. దాలినాయుడు దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు.

“ఆ చిన్నదే తీసుకుందామండీ,” అంది వరాలు. “నడుస్తున్నంతసేపూ వినపడతా ఉంటాది. ఆగిపోతే నేను వంటింట్లో ఉన్నా తెలుస్తాది.”

దాలినాయుడు షాపతని వైపు చూసి నవ్వాడు. “మా ఆవిడకి మోత కావాలంట.” షాపతనూ మర్యాదకి నవ్వాడు. వరాలు అక్కడున్న కుర్చీలో కూర్చుంది.

ఆ పెద్దదాన్ని తెచ్చి, ఆ కాస్త హోరు కూడా ఇంట్లోకి రాకూడదని, పెరటికి ఆవల గడ్డివాము దాటాక చెట్ల కింద పెట్టించాడు. అంత దూరం ఎందుకని వరాలు అడిగింది. గాలి ఆడడానికి పెట్టెకున్న కంతల్లో ఆకులు పడతాయేమో అని కూడా అంది. మిషన్ల సంగతి తనకు వదిలేయమన్నాడు దాలినాయుడు.

ఇంకొకటి మిగిలింది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా పైడమ్మ పక్కనున్న ఆక్సిజన్ మిషన్ కీచుమని అరిచేది. కరెంటు పోయిన ప్రతిసారీ ఆ అరుపు అతని మధ్యాహ్నపు నిద్ర చెడగొట్టేది. మెకానిక్‌ను పిలిపించి ఆ అరుపు తీసేయమన్నాడు. వరాలు మిషన్‌కి అడ్డంగా నిలబడింది.

“అది అత్తమ్మ కోసం అరుస్తాది. ఉండనివ్వండి.”

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్‌తో ఇద్దరి వంకా చూశాడు.

“ఈ ఇంట్లో అరవడానికి నువ్వున్నావు కదా. చాలు,” అన్నాడు దాలినాయుడు.

అతను గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాడు. పరాయివాడి ముందు అన్నాడు. వరాలు పక్కకి జరిగింది. మెకానిక్ తల వంచుకుని పని ముగించుకుపోయాడు.

ఆమె ఏడవలేదు, పుట్టింటికి వెళ్ళలేదు. వండేది, వడ్డించేది, అత్తగారికి ఒళ్ళు తుడిచి తల దువ్వేది. అడిగినదానికి అవుననో కాదనో చెప్పేది. అడగనిది ఏదీ చెప్పేది కాదు. “ఏమే కోడలా, ఈమధ్య నీ గొంతు వినపడక నాకు పొద్దు పోవట్లేదు,” అంది పైడమ్మ ఒకరోజు. దాలినాయుడు మాత్రం ఇల్లు చక్కబడిందనుకున్నాడు. మా ఆవిడ ఇప్పుడు బాగా మారిందని చుట్టాలతో మెచ్చుకోలుగా చెప్పాడు కూడా.

ఆ ఏడు తుఫాను ఆ తీరం మీదే పడింది. స్తంభాలు విరిగాయి, కొబ్బరి చెట్లు తలలు తెగి పడ్డాయి. ఊరంతా చీకటైనా దాలినాయుడి ఇంట్లో పైడమ్మ మిషన్ నడుస్తూనే ఉంది. తెల్లవారాక కాసేపు జనరేటర్‌కి విశ్రాంతి ఇవ్వాలని తనే దాన్ని ఆపి, తల్లికి సిలిండర్ పెట్టాడు. కాసేపయ్యాక మళ్ళీ మిషన్ మీదికి మార్చాడు. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. గాలి తగ్గేసరికి తోటలు పోయినవాళ్ళంతా వచ్చి అతని వరండాలో కూర్చున్నారు. ఎవరెవరికి ఎంత పోయింది, ఎవరిని కలవాలి, ఇవే మాటలు. లోపలి గదిలో పైడమ్మ కునుకు తీస్తోంది.

వరాలు గొడ్లపాక చూడడానికి పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వస్తూ జనరేటర్ దగ్గర ఆగింది. పొగ రావడం లేదు. పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది గానీ కదలిక లేదు. కంతల నిండా తడిసిన ఆకులు అట్టకట్టి ఉన్నాయి. పొద్దున్నలాగే ఆయనే ఆపి, అత్తమ్మకి సిలిండర్ పెట్టి ఉంటాడనుకుంది. అయినా అడుగుదామని వరండా గుమ్మం దాకా వచ్చింది. దాలినాయుడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె నీడ పడగానే తల తిప్పకుండానే అరచెయ్యి ఎత్తాడు. తర్వాత అన్నట్టు.

ఆమె కాసేపు నిలబడింది. ఆ చెయ్యి దిగలేదు. వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి జావ కాచింది.

జావ గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళింది ఆమే. పైడమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంది. చెయ్యి మంచం పట్టీని పట్టుకునే ఉంది. సిలిండర్ మూల ఎక్కడిది అక్కడే ఉంది. మిషన్ ఆగి ఉంది.

వరండాలో ఉన్నవాళ్ళందరూ లోపలికొచ్చారు. దాలినాయుడు తల్లి పాదాలు రుద్దాడు, సిలిండర్ తెచ్చి గొట్టం తగిలించాడు, మళ్ళీ తీసేశాడు. పెరట్లోకి పరుగెత్తి ఆకులు దులిపి బటన్ నొక్కాడు. జనరేటర్ మొదటిసారికే అందుకుంది. తిరిగొచ్చేసరికి ఎవరో పైడమ్మ కళ్ళు మూశారు. మిషన్ నడుస్తోంది.

“ఆగిపోయిందని నువ్వు చూడలేదా?” అని అడిగాడు భార్యని.

“చూశాను.”

“చూసి ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్పడానికే వచ్చానండీ,” అంది వరాలు.

వరండాలో కూర్చుని ఆ ఎత్తిన చెయ్యి చూసినవాళ్ళు అక్కడే ఉన్నారు. ఒకరిద్దరు నేలవైపు చూశారు.

పెద్దకర్మ అయిపోయాక ఒకనాడు దాలినాయుడు సోమలింగం గారి దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ప్రతిదీ వరాలునే అడుగుతున్నానన్నాడు. పడిపోయిన తోటలో మళ్ళీ కొబ్బరే వేద్దామా అని అడిగితే, మీ ఇష్టమండీ అందట. తల్లి గది తాళం వేసేద్దామా అంటే, మీకు తెలుసు కదా అందట. భోజనం దగ్గర కూర్చుంటే గోడ గడియారం వినపడుతోందన్నాడు. “నన్ను నాలుగు తిట్టమని బతిమాలాను గురువుగారూ. అన్నం వడ్డించి వెళ్ళిపోయింది,” అని చెప్పి చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చుని వెళ్ళాడు.

సోమలింగం గారు ఇంతవరకు చెప్పి ఊరుకున్నారు. గవరయ్య చాపలు చుట్టడం ఎప్పుడో ఆపేశాడు. ఏదో ఒకటి అడగకపోతే బాగుండదని, తలెత్తకుండా అడిగాడు. “అంత పెద్ద జనరేటర్ కదండీ. ఇంతకీ అందులో లోపం ఏమిటంటారు?”

“లోపమేం లేదు నాయనా,” అన్నారు సోమలింగం గారు. “ఆయన కోరిందే ఇచ్చింది.”