దుంపల వారు జపాను పాట ఎంచుకోవడం

2009 నవంబరు 14, శనివారం. భీమిలిలో పొద్దున సన్నని చినుకు, పది గంటలకి ఎండ, మధ్యాహ్నానికి చొక్కా వీపుకి అతుక్కుపోయే ఉక్క. సముద్రం పక్కనే ఉన్నా గాలన్నది లేదు. అలాంటి పూట బుద్ధి ఉన్నవాడు చాప వేసుకుని పడుకుంటాడు. దుంపల అన్నదమ్ములు ముగ్గురూ మాత్రం అరుగు మీద కూర్చుని, ఊళ్ళో తమ కన్నా తెలివైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించారు. గంటసేపు ఆలోచించి, లేరని తేల్చుకున్నారు.

"ఇంత తెలివి మనకెలా వచ్చిందంటావు అన్నయ్యా?" అన్నాడు నడిపివాడు గవరయ్య.

"మాటని మాటగానే తీసుకుంటాం కాబట్టి," అన్నాడు పెద్దవాడు పైడయ్య. "లోకులు ఒకటి అని ఇంకోటి చేస్తారు. మనం అలా చెయ్యం."

నిజమే, చెయ్యరు. ఆ మధ్య బస్సులో టిక్కెట్టు వెనక 'ఇతరులకు ఇవ్వరాదు' అని చదివి, తనిఖీకి వచ్చిన ఆయనకి గవరయ్య టిక్కెట్టు చూపించలేదు. జరిమానా కట్టి, విశాఖపట్నం నుంచి నడిచి వచ్చాడు. మాట తప్పకుండా వచ్చాడని ఇంట్లోవాళ్ళు ఆ రోజు పాయసం చేసుకున్నారు.

ఇక వాళ్ళ గొంతుల సంగతి. మగపిల్లవాడికి పధ్నాలుగో ఏట గొంతు మారుతుంది, దాని వెనకే కాస్త బుద్ధి కూడా వస్తుందంటారు. వీళ్ళ విషయంలో గొంతు ఒక్కటే లోపలికి వచ్చి తలుపు వేసేసుకుంది. ముగ్గురివీ బానలోంచి వచ్చినట్టుండే గొంతులు. గవరయ్య దగ్గితే పక్కింట్లో గిన్నెల మీద మూతలు కదిలేవి. భజనకి వెళితే తాళాలు చేతికిచ్చి, నోరు మూసుకోమని బతిమాలేవారు.

ఆ గొంతుల మీదే ఇప్పుడు ఇల్లు ఆధారపడి ఉంది. అద్దె ఇంటాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. పైడయ్య భార్య అచ్చియ్యమ్మ గిన్నెలు మూట కట్టి కూర్చుంది, ఎక్కడికి మొయ్యాలో తెలియక. సరిగ్గా ఆ శనివారమే మేనమామ జగ్గారావు కబురు పెట్టాడు.

జగ్గారావు ఓడల్లో వంటవాడుగా వెళ్ళి, జపానులో కోబే రేవులో ముప్పై ఏళ్ళు ఉండి, ముసలితనంలో తిరిగొచ్చి బీచి రోడ్డులో నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నవాడు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక కరావోకే పెట్టె. అందులో వాయిద్యాలు మోగుతాయి, తెర మీద అక్షరాలు నడుస్తాయి, పాడేవాడు మాత్రం ఉండడు. ఆ పని మనం చెయ్యాలి. కోబేలో రోజూ సాయంత్రం నలుగురు స్నేహితులతో పాడినవాడు, ఇక్కడ ఒక్కడే గోడకేసి పాడుకుంటున్నాడు.

"ఒరే, రేపు కాక వచ్చే ఆదివారానికి నాకు ఎనభై నిండుతాయి," అన్నాడు మావయ్య. "మీ గొంతులు వింటే నా కోబే జట్టు గుర్తొస్తుంది. ముగ్గురూ తలో జపాను పాట నేర్చుకోండి. ఒక్కడైనా మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా పాడాడా, ఈ ఇల్లు మీ ముగ్గురికీ రాసేస్తాను. దస్తావేజులు రాసే కామేశాన్ని కూడా పిలుస్తున్నాను."

ఒక లావుపాటి పుస్తకం ఇచ్చాడు. పాటలు తెలుగు అక్షరాల్లో రాసి, ప్రతి పాట కిందా అర్థం రాసుకున్నాడు. "బొంగురు గొంతువాడు పైకెక్కే పాట జోలికి పోకూడదు. చివరిదాకా కిందనే నడిచేది చూసుకోవాలి. అలాంటివాటికి నీలం పెన్సిలుతో గీత పెట్టాను. మీకు నచ్చింది ఎంచుకోండి."

అంతే. ముగ్గురూ ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకున్నారు. పైకెక్కే పాటల్లో వెన్నెలా, పూలూ, పెళ్ళిళ్ళూ ఉన్నాయి. నీలం గీత పాటల్లో అందరూ బతుకు చెడినవాళ్ళే ఉన్నారు. ఏ దేశంలోనైనా సుఖపడేది సన్నగొంతువాళ్ళే కాబోలు.

పైడయ్య అర్థాలు చదివి నొసలు ముడిచాడు. "చూడండ్రా. పాడేవాడు 'నేను' అంటున్నాడు. 'నేను మంచులో పడి చచ్చిపోయాను' అని నేను పాడితే, అది అబద్ధం కదా?"

"పచ్చి అబద్ధం," అన్నాడు చిన్నవాడు సన్యాసయ్య. "పెద్దాయన ముందు, అదీ పుట్టినరోజు పూట."

"అది పాటండీ," అంది అచ్చియ్యమ్మ.

"పాటైతే అబద్ధం చెప్పొచ్చా?" అన్నాడు పైడయ్య. "చేసింది పాడాలి. లేదా పాడేది ముందు చెయ్యాలి."

ఇంకేముంది, పాట ఎంచుకోవడం మానేసి పని ఎంచుకోవడం మొదలైంది. మంచులో చచ్చే పాట వద్దన్నారు, భీమిలిలో మంచు దొరకదని. తొమ్మిది సీసాలు తాగే పాట వద్దన్నారు, గవరయ్యకి కడుపులో పుండు ఉందని. తల్లి పోయిందని ఏడ్చే పాట ఒకటి అచ్చంగా సరిపోయింది. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది, కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు. కానీ దానికి నీలం గీత లేదు, చివర్లో పైకెక్కుతుంది. పక్కన పెట్టారు.

సన్యాసయ్య తీసుకున్న పాటకి అర్థం: 'మూడు రోజులు వానలో నీ తలుపు ముందు నిలబడ్డాను, నువ్వు తెరవలేదు.' తెరవని తలుపు కావాలి కాబట్టి, తాళం పడిన ఉప్పు గోదాము చూసుకుని నిలబడ్డాడు. శనివారం చినుకు శనివారమే ఆగిపోయింది. అందుకని గవరయ్య పక్కన నూతిలోంచి తోడి బిందెలతో నెత్తిన పోశాడు. మొదటి రోజు సాయంత్రానికి గోదాము కాపలావాడు వచ్చి, తాళం తీసి తలుపు తెరిచి, "ఎవరు కావాలయ్యా?" అన్నాడు.

"తెరిచేశావా," అని సన్యాసయ్య ఏడ్చినంత పని చేశాడు. లెక్క పోయింది. మళ్ళీ మొదటి నుంచి మూడు రోజులు నిలబడ్డాడు. నాలుగో రోజు ఇంటికొచ్చి పాడబోతే, నీళ్ళందని మోటారులాగా గాలి మాత్రం వచ్చింది. గొంతు పూడుకుపోయింది.

"పాట నిజమైంది కదా," అని పైడయ్య వీపు నిమిరాడు. "ఇద్దరం ఉన్నాం."

గవరయ్య పాటలో మనిషి, ఆమె రాసిన ఉత్తరాలు చించి సముద్రంలో వేసి, వేలి ఉంగరం కూడా విసిరేస్తాడు. గవరయ్యకి పెళ్ళి కాలేదు, ఎవరూ ఉత్తరం రాయలేదు. ఏం చెయ్యాలి? తనకి తనే నాలుగు ఉత్తరాలు రాసుకుని పోస్టు చేశాడు. రెండు రోజులు గుమ్మంలో కాపు కాశాడు. అవి రాగానే చదువుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత బాగా రాసిందో వదినా," అన్నాడు.

"ఎవరు?" అంది అచ్చియ్యమ్మ.

గవరయ్య ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సముద్రానికి పోయి ఉత్తరాలు చించి పారేశాడు. ఉంగరం రాలేదు; వేలు లావెక్కి ఇరవై ఏళ్ళయింది. పళ్ళతో పట్టి బలంగా లాగాడు. ఉంగరం వచ్చింది, దాంతోపాటు పై వరస కట్టుడు పళ్ళు కూడా వచ్చాయి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే అలలో పడ్డాయి. ఇంటికొచ్చి పాడితే పాట పాటలా లేదు, ఈలలా ఉంది.

అది శనివారం సాయంత్రం. తెల్లవారితే పుట్టినరోజు. మిగిలింది పైడయ్య ఒక్కడు. అతను ఎంచుకున్నది పుస్తకంలో అన్నిటికన్నా కిందనే నడిచే పాట: 'ఆ ఇల్లు నాకొద్దని రాసిచ్చేశాను. ఆ గడప మళ్ళీ తొక్కను.' అందులో చావు లేదు, తడవడం లేదు, పళ్ళు పోవు. ఇంత చవకైన పాట తమ్ముళ్ళకి ఎందుకు కనపడలేదా అని పైడయ్య జాలిపడ్డాడు.

ఒక్కటే చిక్కు. ఇల్లు వద్దనాలంటే ముందు ఇల్లు ఉండాలి కదా. అద్దె ఇల్లు తమది కాదు. పైడయ్య చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు. తమకి రాబోయే ఇల్లు లోకం మొత్తం మీద ఒక్కటే ఉంది. అది తట్టగానే అతని మొహం విచ్చుకుంది.

ఆదివారం మావయ్య ఇంటికి అందరి కన్నా ముందు చేరి, వాకిట్లో కుర్చీ వేసుకున్న కామేశం ముందు ముగ్గురూ నిలబడ్డారు.

"మాకు ఈ ఇల్లు అక్కర్లేదని, ఇచ్చినా పుచ్చుకోబోమని, పాట అయ్యాక ఈ గడప తొక్కబోమని గట్టిగా రాయండి," అన్నాడు పైడయ్య.

కామేశం కళ్ళజోడు పైనుంచి చూశాడు. "బాగా ఆలోచించుకున్నారా?"

"మా ఇంట్లో ఆలోచించకుండా ఏదీ చెయ్యం."

కామేశం రాశాడు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. అప్పుడు పైడయ్య ధీమాగా లోపలికి వెళ్ళి మైకు పట్టుకున్నాడు.

పాడాడు. ఎంత వెధవ పని చేసినా, పాడటం మాత్రం పాడాడు. అబద్ధం ఒక్క ముక్క లేదన్న ధైర్యంతో గొంతు ఎక్కడా వణకలేదు. కిటికీ అద్దాలు సన్నగా మోగాయి. తెర మీద మార్కులు నూటికి తొంభై ఆరు అని పడ్డాయి. ముసలాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తలుపు దగ్గర అచ్చియ్యమ్మ వారం రోజుల తర్వాత మొదటిసారి నిమ్మళంగా కూర్చుంది.

"కామేశం, కాగితం తియ్యి," అన్నాడు మావయ్య.

కామేశం అప్పటికే సిరా ఆరిన కాగితం చేతికిచ్చాడు. మావయ్య రెండుసార్లు చదివాడు.

"ఇదేవిట్రా?"

"పాటలో ఉంది కదా మావయ్యా."

"ముప్పై ఏళ్ళు పాడానురా ఆ పాట," అన్నాడు ముసలాయన మెల్లిగా. "పాడి, రోజూ ఇంటికెళ్ళి అన్నం తిన్నాను."

పైడయ్య లెక్క కట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు, రోజూ, అందరి ముందూ అబద్ధం. కన్నతల్లికి తోడబుట్టినవాడు. తమ్ముళ్ళు వినకుండా ఉంటే బాగుండును అనుకున్నాడు. "పోనీలే మావయ్యా, ఎవరితోనూ అనను," అని మావయ్య చెయ్యి నొక్కాడు.

అచ్చియ్యమ్మ లేచింది. మొగుణ్ణి అని ప్రయోజనం లేదని ఆమెకి పెళ్ళయిన వారానికే తెలుసు. ముసలాయన వైపు తిరిగి, "నేనేమీ పాడలేదు కదండీ, సంతకమూ పెట్టలేదు," అంది.

ముసలాయన ఆమె కేసి చూసి, తల ఊపి, కామేశానికి ఇంకో కాగితం తియ్యమన్నాడు.

మరుసటేడు వేసవిలో జగ్గారావు పోయాడు. పదకొండో రోజున కామేశం వాకిట్లో నిలబడి వీలునామా చదివాడు. వాకిట్లోనే ఎందుకంటే, గడప తొక్కనన్నవాళ్ళు ముగ్గురూ అద్దె ఇల్లు ఖాళీ చేసిన దగ్గర్నుంచి ఆ ఆర్నెల్లూ వాకిట్లో కొబ్బరాకుల పాకలోనే ఉంటున్నారు. నాలుగు గదుల ఇల్లు అచ్చియ్యమ్మకి. కరావోకే పెట్టె, పాటల పుస్తకం రేవులో పనిచేసేవాళ్ళ సంఘానికి. దుంపల పైడయ్య, గవరయ్య, సన్యాసయ్యలకి ఏమీ లేదు.



"ఆ 'ఏమీ లేదు' మన ముగ్గురికీ కలిపి ఇచ్చాడా, విడివిడిగానా?" అన్నాడు గవరయ్య.

"కలిపే," అన్నాడు పైడయ్య. "పాడినవాణ్ణి, పైగా పెద్దవాణ్ణి. అందులో సగం నాది. మిగిలింది మీరిద్దరూ పంచుకోండి."

సన్యాసయ్య ఒప్పుకోలేదు. తనకి మూడో వంతు రావాల్సిందేనని, కామేశాన్ని కూర్చోబెట్టి కాగితం తీయించాడు.