ఓబులదాసు పేరు లేని జోలపాట

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికో రాజు, ఆ రాజుకి నిద్రపోని ఓ పసికూతురు. ఆ ఊళ్ళోనే ఓబులదాసని ఒక ముసలాయన. పాటలు కట్టడంలో ఘనుడు, మొండితనంలో ఇంకా ఘనుడు. నా అంత మొండి అనుకోండి. నవ్వకండర్రా, ఊఁ కొట్టండి.

ఆయనకి చిన్నప్పుడు చదువు లేదు. ముసలితనంలో, పగలైతే నలుగురూ నవ్వుతారని, రాత్రిళ్ళు ఆముదం దీపం పెట్టుకుని కోడలు చెంగమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాడట. మొదట వచ్చింది తన పేరు. ఇంక చూడండి! గోడ మీద పేరు, గంప మీద పేరు, గేదె కొమ్ము మీద పేరు. పాట చివర ఒకసారి పేరు పెట్టుకోవడం పాటలు కట్టేవాళ్ళందరికీ ఉన్నదే. ఈయన మాత్రం పల్లవిలో ఒకటి, చరణంలో రెండు ఇరికించేవాడు.

రాజుగారి బిడ్డ నిద్రపోయి నెలయింది. పాలు ముట్టదు, చిక్కి పుల్లయింది. వైద్యులు చేతులెత్తేశారు. రాజు ఓబులదాసుని పిలిచి జోలపాట కట్టమన్నాడు. బిడ్డ పడుకుంటే కోట గుమ్మం మీద నీ పేరు చెక్కిస్తానన్నాడు. కోట గుమ్మమే! ముసలాయనకి ఆ పూట అన్నం సయించలేదట.

మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఉయ్యాల పక్కన పాట ఎత్తుకున్నాడు. రాణి పడుకుంది, దాది పడుకుంది, కాపలావాడు పడుకున్నాడు. పాడుతూ పాడుతూ ఓబులదాసూ కునికాడు. బిడ్డ మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది.

పాట మధ్యలో వచ్చే సరిగమల స్వరాలు తీసెయ్యమంది చెంగమ్మ. సణిగి సణిగి తీశాడు. ఊహూఁ. ఒక ముక్కనే పదిసార్లు తిప్పే సంగతులు తీసెయ్యమంది. గొణిగి గొణిగి తీశాడు. ఈసారి బిడ్డ రెప్పలు వాలాయి, వాలాయి... అంతలో కెవ్వుమని లేచింది! మళ్ళీ పాడితే మళ్ళీ అక్కడే కెవ్వు.

"మామా, నీ పేరొచ్చేసరికి నీ గొంతు కోటగోడ దాటుతోంది."

"పేరు తీసేస్తే అది నా పాటని ఎవరికి తెలుస్తుందే?"

"ముందు ఆ కళ్ళు చూడు మామా."

చూశాడు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు. పేరున్న మూడుచోట్లా 'చిట్టితల్లి' అని మెల్లిగా పాడాడు. బిడ్డ నిద్రపోయింది.

ఊఁ కొడుతున్నారా, మీరూ నిద్రపోయారా?

రాజు సంబరంతో శిల్పిని పిలిపించాడు. గుమ్మం మీద ఉలి ఒక్క దెబ్బ పడిందో లేదో, ఉయ్యాల కదిలింది. అంతే! ఓబులదాసు పంచె ఎగ్గట్టి పరుగెత్తి ఆ ఉలి పట్టేసుకున్నాడు.

"మరి నీ పేరు?" అని గుసగుసగా అడిగాడు రాజు.

"మా గేదె కొమ్ము మీద ఉంది లెండి, ప్రభూ. చాలు."

బిడ్డ బొద్దుగా పెరిగింది. పాట ఇంటింటికీ పాకింది. కట్టిందెవరో ఎవరూ అడగలేదు. గుమ్మం మీద ఒక్క గీత మాత్రం మిగిలిందట.

నేను మీకు రోజూ పాడేది ఆ పాటేనర్రా. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు మన గొప్ప చెప్పుకోకూడదు. నేనూ మధ్యలో నా పేరొకటి దూర్చాను లెండి, అందుకే మీరింకా గుడ్లు మిటకరిస్తున్నారు! ఇవాళ తీసేసి పాడతాను.

కథ కంచికి నడిచింది, మనం దుప్పట్లోకి.