చిడతల పక్కన కత్తెర

ముఖలింగం భాగవతార్ గారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పడం ఆయన ఇంటా వంటా లేదు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టి ఊరుకునేవారు. పని అయ్యేసరికి వాళ్లకే తెలియాలి. తెలియకపోతే వాళ్ల ఖర్మ. ఆయన హరికథలకు మృదంగం వాయించినవాణ్ణి కనుక నాకిది బాగా అనుభవం.

ఆయన శిష్యురాలు వరహాలు కథ మధ్యలో పిట్టకథ ఎత్తుకుందంటే పందిరంతా ఒకటే నవ్వు. ఆ ఏడు అనకాపల్లిలో రుక్మిణీ కల్యాణం చెప్పడానికి ఒప్పుకుంది. కల్యాణం కాస్త కుదించి అత్తాకోడళ్ల పిట్టకథ పెంచితే ఇక ఏటా ఆమెనే పిలుస్తామని అక్కడి ఉత్సవ కమిటీవాళ్లు ఆశపెట్టారు. ఆమె నేరుగా గురువుగారి దగ్గరకు వచ్చింది.

"జనం అదే అడుగుతున్నారండి. పెంచితే తప్పేటండి?"

ఆయన మేకుకి చిడతల పక్కన వేలాడుతున్న కత్తెర తీసి ఆమె చేతికిచ్చి, పెరట్లోకి నడిచారు. నేనూ వెనకాలే వెళ్లాను.

అక్కడ ఆయన ప్రాణంగా పెంచుకున్న, ఆకులే బంగారు రంగులో ఉండే సైప్రస్ చెట్టు ఉంది. ఏ కాలంలోనూ బోసిపోవడం ఎరగని చెట్టు. ఎండ పడితే పసుపు రాసిన గడపలా కళకళలాడేది. దాన్ని చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

"ఇందులో ఏపుగా పెరుగుతున్న కొమ్మ ఏదమ్మా?"

వరహాలు తడుముకోకుండా చూపించింది. ఆ బంగారం మధ్య ఒకే ఒక్క కొమ్మ ముదురాకుపచ్చగా, తక్కినవాటిని మించి మూరెడు లేచింది.

"మొదలంటా కత్తిరించు."

ఆమె కొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి తెగులేం లేదు కదండీ."

"లేదు. తక్కినవాటికంటే బలమే ఎక్కువ. వదిలేస్తే కొన్నాళ్లకి చెట్టంతా ఇదే అయిపోతుంది. అప్పుడూ చూసినవాళ్లు బాగుందనే అంటారు."

ఆమె మొదలంటా కత్తిరించింది. కళ్లు చెమర్చాయి. ఏ కొమ్మ పోయిందో ఆమెకు తెలిసింది, చూస్తున్న నాకూ తెలిసింది.

"కల్యాణం కల్యాణంలాగే చెబుతానని కబురు పంపేస్తానండి," అంది. కోసిన కొమ్మ చేతిలోనే పట్టుకుని, "మళ్లీ మొలవదు కదండీ?" అని అడిగింది.

భాగవతార్ గారు కత్తెర తుడిచి, లోపలికి వచ్చి, చిడతల పక్కనే మళ్లీ తగిలించారు.

"డెబ్బై ఏళ్లొచ్చాయి," అన్నారు. "నాకింకా మొలుస్తూనే ఉంది."