పదో ఉయ్యాల

పసిబిడ్డల తల్లులు పనిచేసే ప్రతి చోటా ఉయ్యాలల గది ఉండి తీరాలని రాజుగారు చాటింపు వేయించారు. నేతశాల అధికారి గుండప్ప పది ఉయ్యాలలు కట్టించి, గదికి తాళం వేసి, మధ్యాహ్నాలు తానే అందులో చాపేసుకుని గుర్రుపెట్టేవాడు. నూలు వడికే నూకాలు మాత్రం చంటిదాన్ని వీపుకి కట్టుకునే రాట్నం తిప్పేది.

ఒకనాడు మంత్రిగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. గుండప్ప తాళంచెవి నూకాలు చేతిలో పెట్టి, "గది ఊడ్చి ఉంచు. ఆయన అడిగితే తప్ప నోరు మెదపకు," అన్నాడు. నూకాలు బుద్ధిగా తలూపింది. గది ఊడ్చి, చాప చుట్టేసి, గుండప్ప దిండు మాత్రం పదో ఉయ్యాలలో పెట్టింది.

"పిల్లలేరయ్యా?" అన్నాడు మంత్రి.

"పాలకని ఇప్పుడే తల్లుల దగ్గరికి వెళ్లారండి."

మంత్రి ఉయ్యాలలు తడిమి చూశాడు. "రోజూ పిల్లలు పడుకునే బట్టలకి ఒక్క మరకైనా లేదేం?"

గుండప్ప గాభరాగా ఉయ్యాలలన్నీ కలయజూశాడు. అంతలో ఆఖరి ఉయ్యాలలో తన జిడ్డు దిండు కనపడి ప్రాణం లేచొచ్చింది. "ఇదిగోనండి, ఇందులో రోజూ ఒక బిడ్డ పడుకుంటుంది."

మంత్రి దిండు వాసన చూశాడు. సంపెంగ నూనె. ఒక నెరిసిన వెంట్రుక కూడా చేతికి తగిలింది. "ఈ బిడ్డ ఎవరమ్మా?" అని నూకాలుని అడిగాడు.

"పేరు నేను చెప్పకూడదు దొరా. అన్నం తిన్నాక వచ్చి పొద్దువాలే దాకా పడుకుంటాడు. లేపితే కసురుతాడు."

మంత్రి గుండప్ప నెత్తికేసి చూశాడు.

మర్నాటి నుంచి తాళంచెవి నూకాలు కొంగున వేలాడింది. పదిమంది పిల్లలూ హాయిగా నిద్రపోయారు. ఊపే పని గుండప్పది. అతనికి కాస్త కునుకు పట్టిందంటే చాలు, పదిమందీ ఒక్కసారే ఏడుపు అందుకునేవారు.