మొదటి దెబ్బ

యుద్ధం ముంచుకొచ్చింది. రాజ్యంలో కత్తులు హడావిడిగా తయారవుతున్నాయి. ఆయుధ పరీక్షకుడు భుజంగరాయలు తళతళలాడే కత్తులన్నిటికీ రాజముద్ర వేసి, కమ్మరి చెంగమ్మ తెచ్చిన నల్లటి కత్తుల్ని పక్కకు నెట్టేశాడు. ఆ మెరుగు పైపైనేనని, లోపలంతా పెళుసు ఇనుమని చెంగమ్మకు చూడగానే తెలిసింది. అలాంటి కత్తి పట్టుకునే ఆమె కొడుకు యుద్ధానికి వెళ్లాలి. అందుకే తిన్నగా రాజుగారి దగ్గరికే వెళ్లింది. ఆయన భుజంగరాయల్ని, అతను ముద్ర వేసిన కత్తుల్ని సభకు రప్పించారు.

"మా కొలిమిలో ఒక ఆచారం ఉంది ప్రభూ. కత్తి బాగుందన్నవాడే దాన్ని పట్టుకుని మొదటి సుత్తిదెబ్బ కాయాలి," అంటూ తన కత్తిని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. భటుడు సుత్తితో బలంగా కొట్టాడు. కత్తి ఖంగుమంది, అంతే.

"ఇక అయ్యగారి వంతు," అంది.

భుజంగరాయలు ముద్ర వేసిన కత్తొకటి తీసి పక్కనున్న కుర్ర సైనికుడి చేతిలో పెట్టాడు. తను మాత్రం వెనక్కి నడిచి స్తంభం చాటున నిలబడి, "ఊఁ, కొట్టండి," అన్నాడు.

సుత్తి లేచింది. చెంగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దులే నాయనా, ఈ పిల్లవాడు ఏ తల్లి బిడ్డో. ఆ కత్తి సంగతి స్తంభం వెనకున్నాయనకు మనకన్నా బాగా తెలుసు."

రాజుగారు ముద్ర తెప్పించి చెంగమ్మ చేతిలో పెట్టారు.