తపస్సుకాలపు బంతాట

బాలశౌరికి జపమాల సాగడం లేదు.

అతను మంచి భక్తుడండీ. ఏ ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడినా, ఏ హోటల్లో దిగినా బూట్ల సంచీలో పూసల దండ ఉండాల్సిందే. కలకత్తాలో ఆడాడు, గోవాలో ఆడాడు. షిల్లాంగ్ చలిలో, కేరళ వానలో ఆడాడు. మిడ్‌ఫీల్డర్. అంటే వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకి అందించే మనిషి. ఏ క్లబ్బూ అతన్ని ఎక్కువ కాలం ఉంచుకోలేదు. అలాగని చెడ్డగా చెప్పినవాళ్ళూ లేరు. "శౌరి బంతి పోగొట్టుకోడు" అనేవాళ్ళు. ఆ మాటను అతను పతకంలా మోసుకు తిరిగేవాడు.

అలాంటివాడికి ఇప్పుడు దండ చేతిలోకి తీసుకుంటే పెదాలు కదలట్లేదు. పరలోక జపం సగంలో ఆగిపోతోంది. ఎన్ని గుళ్ళల్లో మోకరించినా అంతే. చివరికి రైలెక్కి ఫాదర్ జోజయ్య గారి దగ్గరికి వచ్చాడు.

చిన్నప్పుడు బోర్డింగులో శౌరి కాళ్ళ ముందు మొదటి బంతి పెట్టింది ఆ ఫాదర్ గారే. ఇప్పుడాయన ముసలివారైపోయి, కొండ పక్కన మఠంలో ఫాదర్లు కాబోయే కుర్రాళ్ళకి చదువు చెబుతున్నారు.

వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. శౌరి జరిగిందంతా చెప్పుకొచ్చాడు. కప్పు తేలే మ్యాచ్‌లో తోంబా అనే మణిపూర్ కుర్రాడు, వెనక ఆడేవాడు, తమ గోలు ముందే బంతి పోగొట్టాడు. అవతలివాళ్ళు గోలు కొట్టారు. కప్పు పోయింది. జనం ఆ కుర్రాణ్ణి తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు వాణ్ణి ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది మేనేజరు శౌరి మీదే పెట్టాడు. నువ్వు పెద్దవాడివి, దగ్గర్లోనే ఉన్నావు, నీ మాట మీదే తేలుస్తాం, సోమవారం ఫోన్ చేస్తానన్నాడు.

ఏం చెప్పాలో శౌరి అప్పుడే కూర్చుకున్నాడు. ఎడమవైపు ఇవ్వమని అరిచాను, చెయ్యి కూడా చూపించాను, వాడు వినలేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"నా తప్పేం లేనప్పుడు నోట్లో జపం ఎందుకు ఆగుతోంది ఫాదర్?"

ఫాదర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బూట్లు తెచ్చావా?"

"అవి లేకుండా ఎక్కడికెళ్తాను?"

"అయితే లే. ఎండ తగ్గింది."

ఇక్కడ ఆ మఠంలో ఫాదర్ గారు పెట్టిన పద్ధతి ఒకటి చెప్పాలి మీకు. తపస్సుకాలం వచ్చిందంటే, ఈస్టరు పండగ దాకా అక్కడ ఆట కూడా మౌనంగానే. బంతి ఇమ్మని పిలవకూడదు. చెయ్యి చూపించకూడదు. బంతి ఉన్నవాడు తలెత్తి చూస్తాడు, ఎవడు కనపడితే వాడికి ఇస్తాడు. అంతే.

గ్రౌండులో బ్రదర్ మర్రెడ్డి అని తలుపంత మనిషి ఉన్నాడు. మౌనం మొదలయ్యేలోపు గబగబా వచ్చి శౌరి చెయ్యి ఊపేశాడు.

"అన్నా, టీవీలో మీరు ఆడుతుంటే మీ అరుపులకి మేం సౌండు తగ్గించుకోవాలి. ఈ పూట మీకు శిక్షే."

శౌరి కూడా నవ్వాడు. ఫాదర్ గారు తెల్ల అంగీ నడుముకి దోపుకుని, శౌరి జట్టులోనే వెనక, గోలు ముందు నిలబడ్డారు. మర్రెడ్డి అవతలి జట్టు. ఆయన మోకాళ్ళ సంగతి అందరికీ తెలుసు. అయినా వద్దనే ధైర్యం ఎవరికుంది?

ఆట మొదలైంది. బంతి ఫాదర్ గారి కాళ్ళ దగ్గరికి వచ్చింది. అవతలి బ్రదర్లు ఇద్దరు ఆయన మీదికి పరిగెత్తారు. ఆయన తలెత్తి చూశారు.

శౌరి కాళ్ళు వాటంతటవే కదిలాయి. మెల్లగా మర్రెడ్డి వెనక్కి జరిగాయి. ఆట వేడెక్కినప్పుడల్లా ఆ కాళ్ళు వెళ్ళే చోటు అదే. అక్కడికి బంతి రాదు. అక్కడ నిలబడి నోరు మాత్రం "ఎడమకి, ఎడమకి" అని అరుస్తుంది, చెయ్యి ఎవరినో చూపిస్తుంది. చూసేవాళ్ళకి అతనే ఆట నడిపిస్తున్నట్టు ఉంటుంది. ఈ పూట నోటికి తాళం. చెయ్యి సగం లేచి, పద్ధతి గుర్తొచ్చి దిగిపోయింది.

ఫాదర్ గారికి మర్రెడ్డి ఛాతీ తప్ప ఏమీ కనపడలేదు. బంతి కాలి కిందే పట్టుకుని ఇంకా చూస్తూనే ఉన్నారు. పరిగెత్తుకొచ్చిన ఇద్దరిలో ఒకడు భుజం తగిలించి బంతి లాక్కున్నాడు. ముసలాయన పడిపోయారు. వెనకాల గోలు అయిపోయింది.

ఇద్దరు వచ్చి లేపారు. అరచేతులు గీసుకుపోయాయి. ఫాదర్ గారు మట్టి దులుపుకుని, బంతి తెచ్చి అదే చోట పెట్టుకుని, మళ్ళీ రమ్మన్నట్టు తలూపారు.

వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆయన మళ్ళీ తలెత్తారు.

ఆ చూపు శౌరికి తెలుసు. ఆ రోజు మ్యాచ్‌లో అవతలివాడి భుజం మీదుగా చూశాడు దాన్ని. తోంబా కళ్ళు గ్రౌండంతా తడుముకుంటూ వచ్చి తన దగ్గర ఆగబోతుంటే, తను ఆ భుజం వెనక్కి ఇంకాస్త జరిగి ఎడమకి అని అరిచాడు. ఈ ముక్క వరండాలో చెప్పలేదు. తనకి తను కూడా చెప్పుకోలేదు.

చెవులు వేడెక్కాయి. ఎటు చూడాలో తెలియలేదు. గీసుకున్న చేతులతో ఆ ముసలాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. పడతారని తెలిసీ, చూస్తూనే ఉన్నారు.

శౌరి మర్రెడ్డి వెనక నుంచి పక్కకి వచ్చాడు.

బంతి వెంటనే వచ్చింది. అంతలోనే మర్రెడ్డి వీపు మీదికి వచ్చేశాడు, ఎదురుగా ఇంకొకడు. తిరగడానికి జాగా లేదు. బంతి పోగొట్టుకోడని పేరు మోసినవాడు, వేదపాఠాలు చదువుకునే పిల్లకాయల ముందు బంతి పోగొట్టుకుని మట్టిలో బోర్లా పడ్డాడు. ఇంకో గోలు.

వాళ్ళు నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు.

ప్రార్థన గంట మోగింది. కుర్రాళ్ళు గుడివైపు నడిచారు. ఫాదర్ గారు కుంటుకుంటూ వచ్చి, మట్టిలో కూర్చుని ఉన్న శౌరి పక్కనే మెల్లగా చతికిలబడ్డారు. మౌనం పెట్టింది ఆయనే, తెంచిందీ ఆయనే.

"ఇప్పుడు చెప్పు నాయనా. ఆ రోజు ఏం జరిగింది?"

కూర్చిపెట్టుకున్న మాటలన్నీ శౌరి నాలుక మీదే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టాడు. తల వంచుకుని అన్నాడు.

"వాడు నా కోసం చూశాడు ఫాదర్. నేను కనపడలేదు."